సాక్ష్యం చెప్పించే ముందు రిపోర్టు చూడండి

సంపాదకులకు నమస్కారం.

ప్రార్థనతో రోగాలు నయమవుతాయని చెప్పే క్రైస్తవ సభల గురించి, అంటే స్వస్థత కూటాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా అంతా బూటకమని కొందరు, అనుమానించడమే పాపమని కొందరు అంటున్నారు. నేను గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టాను. మొదట మిషన్ ఆసుపత్రిలో, తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అద్భుతాలను నమ్ముతాను. డాక్టర్లు ఆశ వదులుకున్న రోగి లేచి గంజి తాగడం చూసి మంచం పక్కనే స్తోత్రం చెప్పినదాన్ని. ఆ నమ్మకం ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

రోజూ ఇన్సులిన్ తీసుకునే ఒక చిన్నపిల్లను స్పృహ లేని స్థితిలో మా వార్డుకు తెచ్చారు. సభలో ప్రార్థన చేసి, స్వస్థత అయిపోయింది, ఇంకా సూది వేస్తే విశ్వాసం లేనట్టే అని చెప్పారట. తల్లి ఇన్సులిన్ ఆపేసింది. దేవుని దయవల్ల పిల్ల బతికింది. కానీ ఆ తల్లి నన్ను అడిగిన మాట ఇప్పటికీ బాధపెడుతుంది: "నా విశ్వాసం తక్కువైందా సిస్టర్?" ఆమె చేత ఆ మాట అనిపించినవాళ్ల మీద నాకు కోపం ఉంది. దాచుకోను.

ఈ సభల్లో స్టేజీ మీద ఎక్కువగా చదివేది బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 53వ అధ్యాయం: "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది." నాకూ ప్రాణమైన వాక్యం అది. అయితే అదే గ్రంథంలో 38వ అధ్యాయం కూడా చదవాలి కదా. హిజ్కియా రాజుకు ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పింది యెషయా ప్రవక్తే. అపొస్తలుడైన పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలతో రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాలలో ఉంది. ఆ వచనం చూపించే ఇప్పుడు రుమాళ్లు ప్రార్థన చేసి ఇస్తున్నారు. ఆ పౌలే తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని కూడా రాశాడు. వాళ్లకు విశ్వాసం చాలలేదని ఎక్కడా అనలేదు.

లూకా 17లో పదిమంది కుష్ఠరోగులను ప్రభువు ఎక్కడికి పంపాడు? యాజకుల దగ్గరికి. రోగం నిజంగా పోయిందో లేదో చూసి చెప్పాల్సింది ధర్మశాస్త్రం ప్రకారం వాళ్లే. ప్రభువే పరీక్షకు పంపితే మనకు భయం ఎందుకు?

గుణదల మేరీమాత కొండకు వెళ్లే క్యాథలిక్ మిత్రులకు ఫ్రాన్సులోని మేరీమాత పుణ్యక్షేత్రం లూర్దు సంగతి తెలుసు. 1858 నుంచి అక్కడ బాగయ్యామని చెప్పినవాళ్లు 7 వేలకు పైనే. డాక్టర్లు ఏళ్ల తరబడి పాత రికార్డులు చూసి, రోగం మళ్లీ రాలేదని తేల్చుకున్నాకే ఆ విషయం చర్చి పెద్దల ముందుకు వస్తుంది. ఇప్పటిదాకా అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70 పైచిలుకు మాత్రమే. దానివల్ల అక్కడికి వెళ్లే జనం తగ్గలేదు.

మన గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ సువార్తకు వచ్చిన మిషనరీయే. ఆమె ఇక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించారు. మిషన్ ఆసుపత్రిలో మేమూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని రౌండ్స్‌కు వెళ్లేవాళ్లం. రెంటికీ గొడవ ఉందని మాకెవరూ నేర్పలేదు.

పాస్టర్లకు నా మనవి. షుగర్ పోయిందని ఎవరైనా సాక్ష్యం చెప్తామంటే ముందటి రిపోర్టు, ఇప్పటి రిపోర్టు రెండూ చూశాకే మైకు ఇవ్వండి. టీబీ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే రోగం మొండికేస్తుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. తలమీద చేయి పెట్టి ప్రార్థన చేయండి, నూనె రాయండి, ఉపవాసం ఉండండి. ఆ తర్వాత అదే మైకులో, డాక్టరు చెప్పేదాకా ఎవరూ మందులు మానొద్దని కూడా చెప్పండి.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు