ట్రాక్టర్ తమ్ముడికి మా మహిళా మండలి కృతజ్ఞతలు

2024 సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిపోయినప్పుడు, మా మండలి ఆడవాళ్లం తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి (చింతపండు పులుపుకి సాయంత్రం దాకా పాడవదని), పొట్లాలు కట్టి, పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు కూడా పట్టుకుని ఫ్లైఓవర్ దాకా వచ్చేశాం, తీరా అక్కడ ఆ నీళ్లు చూశాక కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడే ట్రాక్టర్ ఆపి, "ఎక్కించండి అక్కా, నేను లోపలికే వెళ్తున్నా" అన్నావు. పేరు అడిగితే నవ్వి ఊరుకున్నావు. మూడు ట్రిప్పులు తిప్పావు. డీజిల్ డబ్బులిస్తే తీసుకోలేదు.

ఒక మేడ మీది నుంచి పెద్దావిడ పాత చీరకి బకెట్ కట్టి కిందకి దించితే, నడుంలోతు నీళ్లలోకి దిగి, పొట్లాలూ పాలూ అందులో సర్ది, ఆవిడ పైకి లాక్కునేదాకా కింద చేతులు చాచి అలాగే నిలబడ్డావు చూడు, అది ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది తమ్ముడూ.

ఫొటోల్లో మా బ్యానర్ ఉంది, నువ్వు లేవు. అది నాకు చాలా బాధగా ఉంది. వండింది మేమే కానీ, ఆకలితో ఉన్నవాళ్ల చేతికి అందించింది నువ్వు. తర్వాత తడిసిపోయిన పుస్తకాలకి బదులు పిల్లలకి కొత్తవి పంచినప్పుడు కూడా నీ కోసం వెతికాం. ఇది నీ కంట పడితే ఒక్కసారి మండలికి రా, మా చేత్తో నీకు భోజనం పెట్టాలని ఉంది.