ఇంటిమీద సోలార్ ఉన్నా తుపాను రాత్రి చీకటేనా?

సంపాదకుల వారికి,

అక్టోబరు దగ్గర పడుతోందంటే చెన్నైలో ఈశాన్య రుతుపవనాల సన్నాహాలు మొదలవుతాయి. కాలువల్లో పూడిక తీస్తారు, నీళ్లు తోడే మోటార్లు సిద్ధం చేస్తారు, పడవలు ఎక్కడ ఉంచాలో నిర్ణయిస్తారు. అవన్నీ కావలసినవే. కానీ కరెంటు పోయాక జనం ఏ వెలుతురులో మెట్లు దిగాలి, సహాయ శిబిరంలో తల్లి ఏ వెలుతురులో బిడ్డకు మందు పట్టాలి అన్న ప్రశ్నకు ఆ సన్నాహాల్లో చోటు కనిపించదు. కొవ్వొత్తులు, టార్చిలైట్లు దగ్గర పెట్టుకోమని చెప్పి ఊరుకుంటారు. ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన నాకు ఇది చిన్న లోపంగా తోచడం లేదు. మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలిచాను.

2016 డిసెంబరు 12న వర్ధా తుపాను వచ్చినప్పుడు గాలికి చెట్లు, స్తంభాలు కూలి కరెంటు పోయింది. 2015 వరదల్లోనూ, 2023లో మిగ్‌జాం తుపానప్పుడూ జరిగింది వేరు. వీధుల్లో నీళ్లు నిలిచాయి కాబట్టి, ఎవరికీ షాక్ కొట్టకూడదని సరఫరాను కావాలనే ఆపారు. అది సరైన పనే. మిగ్‌జాం డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి చెన్నైలో వాన తెరిపి ఇచ్చింది. అయినా వేళచ్చేరి, పళ్ళిక్కరణై, ముడిచ్చూర్ వంటి చోట్ల నీళ్లు తగ్గే దాకా కరెంటు ఇవ్వడానికి వీలు కాలేదు. అంటే పగలు నెత్తిమీద ఎండ ఉంది, రాత్రి ఇంట్లో దీపం లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఇప్పుడు చాలామంది ఇళ్లమీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుంటున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల రూపాయలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం 78 వేల దాకా కేంద్రం రాయితీ ఇస్తోంది. మంచి పథకం. మా వీధిలో పెట్టించుకున్న వారిని అడిగితే, ఇక తమకు కరెంటు కోత బాధ లేదనే ధైర్యం వారి మాటల్లో వినిపిస్తుంది. అది నిజం కాదని వారికి ఎవరూ చెప్పలేదు. బ్యాటరీ లేకుండా, వీధి లైనుకు కలిపి పెట్టే ఈ సోలార్ వ్యవస్థ లైనులో కరెంటు ఉన్నప్పుడే పనిచేస్తుంది. లైను చచ్చిపోగానే, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ కూడా తనంతట తాను ఆగిపోతుంది. అలా ఆగకపోతే, కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు తగిలి ప్రాణం పోవచ్చు. కాబట్టి ఆ ఏర్పాటును తప్పుపట్టను. కానీ దాని ఫలితం ఏమిటంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఒక్క బల్బునైనా వెలిగించలేవు. ఇంట్లో నిల్వ ఉంచుకోవడానికి బ్యాటరీ కావాలి. దానికి ఈ పథకంలో విడిగా రాయితీ లేదు.

బ్యాటరీ అనగానే లక్షల ఖర్చని భయపడతారు. ఫ్రిజ్, ఏసీ నడపాలంటే అవును, పెద్ద ఖర్చే. దీపాలకు కాదు. 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు, రాత్రికి 5 గంటలు వెలిగితే 75 వాట్ అవర్లు. రెండు ఫోన్ల ఛార్జింగుకు మరో 30 వేసుకోండి. అంతా కలిపి 105, అంటే మీ బిల్లులో కనిపించే ఒక యూనిట్‌లో దాదాపు పదో వంతు. 12.8 వోల్టుల, 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 256 వాట్ అవర్లు పడతాయి. దాన్ని పూర్తిగా ఖాళీ చేయకుండా వాడుకున్నా దాదాపు రెండు రాత్రులు గడుస్తాయి. 50 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 200 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. అయితే తుపాను మబ్బులో అందులో పదో వంతో, నాలుగో వంతో వస్తే గొప్ప. అందుకే మన ఊళ్లో ప్యానెల్ కంటే బ్యాటరీ విషయంలో ధారాళంగా ఉండాలి. మబ్బు పట్టిన మొదటి రెండు రోజులు బ్యాటరీయే కాపాడాలి. మూడో రోజు ఎండ వస్తే ప్యానెల్ అందుకుంటుంది.

ఇంకో సంగతి. ఈ చిన్న దీపాలకు పెద్ద ఇన్వర్టర్ అక్కరలేదు. ఏమీ వెలిగించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపు అది 10 నుంచి 20 వాట్లు తానే తాగేస్తుంది. మూడు బల్బులకు పట్టేది 15 వాట్లే కదా! ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసే ఛార్జ్ కంట్రోలర్ నుంచి నేరుగా 12 వోల్టుల డీసీ బల్బులకు తీగ లాగితే చాలు. బ్యాటరీని మెట్లకింద పెట్టకూడదు, మొదట మునిగేది అదే చోటు. గోడమీద ఎత్తుగా స్టాండు వేసి పెట్టాలి. పెట్రోలు జనరేటర్‌ను మెట్లకింద నడిపేవారికి కూడా ఒక్క మాట: దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మూసిన చోట అది నిద్రలోనే చంపుతుంది.

సొంత ఇల్లు, సొంత పైకప్పు ఉన్నవారి సంగతి ఇది. పెరుంబాక్కం, కణ్ణగినగర్ పునరావాస కాలనీల్లో అంతస్తుల భవనాల్లో ఉండేవారికి ఈ రాయితీతో సొంతంగా ప్యానెల్ పెట్టుకునే వీలు లేదు, వారికి విడిగా పైకప్పే లేదు.  ఆ భవనాల్లో కరెంటు పోతే లిఫ్టు ఉన్న చోట అది ఆగుతుంది, నీళ్లు పైకి ఎక్కవు. కింది నుంచి బిందె మోసుకుంటూ ఆడవాళ్లు చీకటి మెట్లెక్కాలి. మెట్లమీద అంతస్తుకొక చిన్న దీపం, పైన ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ పెట్టడం ప్రభుత్వానికి మోయలేని భారం కాదు.

కార్పొరేషన్ పాఠశాలలు మరీ ముఖ్యం. వరద వస్తే జనాన్ని తరలించేది అక్కడికే. మిగ్‌జాం రోజుల్లో ఒక రాత్రి అలాంటి శిబిరానికి అన్నం పొట్లాలు తీసుకువెళ్లాను. తరగతి గదిలో రెండు మూడు ఫోన్ల వెలుతురు తప్ప మరేమీ లేదు. ఆ ఫోన్లను దీపాలుగా వాడితే తెల్లారేసరికి బంధువులకు కబురు చేయడానికి ఛార్జింగు మిగలదు. మరుగుదొడ్డికి వెళ్లాలంటే పెద్దవాళ్లు గోడ తడుముకుంటూ నడవాలి. శిబిరంగా వాడే ప్రతి పాఠశాలలో కనీసం రెండు గదులకు, వరండాకు, మరుగుదొడ్లకు బ్యాటరీ దీపాలు, ఫోన్లకు ఛార్జింగు పాయింట్లు ఉండాలి. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ అంతే.

తుపాను ముందు దీపాలు ఉచితంగా పంచుదామంటే నేను ఒప్పుకోను. అలాంటి దీపంలో చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే, దాన్ని నెలల తరబడి ఛార్జ్ చేయకుండా అలమరలో పడేస్తే అక్కడే చచ్చిపోతుంది. అవసరమైన రాత్రి వెలగదు. గోడకు బిగించి, రోజూ ఎండతో నిండుతూ, రోజూ కాసేపు వెలిగే దీపమైతే చెడిపోయిన రోజునే నలుగురికీ తెలుస్తుంది. సోలార్ వీధిదీపాలు పెట్టిన కొన్నాళ్లకే వట్టి స్తంభాలుగా మిగలడం మనం చూశాం. ప్యానెల్‌ది తప్పు కాదు, అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బ్యాటరీని చూసే నాథుడు లేక ఆ దీపాలు ఆరిపోయాయి.

అందుచేత ఈ పనికి పిలిచే టెండర్లలో సామాను ధర ఒక్కటే చూడవద్దని కార్పొరేషన్‌ను కోరుతున్నాను. ఐదేళ్ల నిర్వహణ, మూడు నెలలకొకసారి బ్యాటరీ పరీక్ష, పాడైన బ్యాటరీని వెనక్కి తీసుకుని శుద్ధికి పంపే బాధ్యత ఒప్పందంలోనే ఉండాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారులమీద ఎలాగూ పెట్టాయి. కేంద్రానికి నా విన్నపం రెండు ముక్కల్లో: సూర్య ఘర్ రాయితీలో చిన్న దీపాల బ్యాటరీకి కూడా కొంత భాగం కేటాయించండి. అది కుదిరేదాకా, లైను పోతే ఈ సోలార్ ఆగిపోతుందన్న సంగతిని దరఖాస్తు మొదటి పేజీలోనే, తెలుగు, తమిళం సహా అన్ని భాషల్లో పెద్ద అక్షరాలతో అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మడిపాక్కం, చెన్నై