విరిగిన షాఫ్టును తుక్కుకు వేసేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

క్వారీలో క్రేన్ వించ్ (తాడు చుట్టి రాయిని పైకి లాగే యంత్రం) షాఫ్టు, అంటే దాని ఇరుసు, విరిగి రాయి జారిపడిందని వార్త వచ్చినప్పుడల్లా చివర్లో 'ఓవర్‌లోడే కారణం' అని ఒక ముక్క ఉంటుంది. చీమకుర్తిలో లేత్ షాపు నడుపుకునేవాడిగా ఆ ముక్కతో నాకు పేచీ. ఓవర్‌లోడు లేదనను. మా దగ్గర దొరికే నల్ల గ్రానైట్, గెలాక్సీ రాయి, ఘనపు మీటరే దాదాపు 3 టన్నులు తూగుతుంది, కొలత కాస్త అటూ ఇటూ అయినా బరువు పెరిగిపోతుంది. కానీ మా షాపుకొచ్చే విరిగిన షాఫ్టులు చాలావరకు వేరే సంగతి చెబుతాయి.

విరిగిన చోట కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూడండి. ఒక అంచున మొదలై సగం దాకా నున్నగా, నల్లబడి, వరసగా వంపు గీతలుంటాయి. మిగతాది గరుకుగా, తళతళలాడుతూ ఉంటుంది. ఆ తళతళలాడేదే ఆ రోజు విరిగింది. నల్లటి భాగం ఎప్పట్నుంచో కొంచెం కొంచెంగా పగులుతూ వచ్చింది. షాఫ్టు తిరిగే ప్రతి చుట్టుకీ దాని ఒళ్లు ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపడం లాంటిదే ఇది. మామూలు బరువుకే జరుగుతుంది.

పగులు మొదలయ్యేది ఎక్కువగా మెట్టు మూలలో, లావు సైజు నుంచి సన్నం సైజుకు దిగేచోట. అక్కడ రేడియస్ వదులుదామంటే, అంటే మూలను గుండ్రంగా ఉంచుదామంటే, షాఫ్టు చేయించుకునేవాళ్లు 'బేరింగు మెట్టుకు ఆనదు, స్ట్రెయిట్‌గా కొట్టెయ్' అంటారు. బేరింగు లోపలి అంచుకు కంపెనీవాళ్లే గుండ్రం ఇచ్చి పంపేది మరెందుకో!

ఇదేమీ నిన్నమొన్నటి సంగతి కాదు. 1842 మేలో ఫ్రాన్స్‌లో వెర్సై నుంచి పారిస్ వస్తున్న రైలింజను ఇరుసు విరిగి, మంటలంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాదే ర్యాంకిన్ అనే ఇంజినీరు విరిగిన రైలు ఇరుసులు పరిశీలించి, పగులు మూలలో పుట్టి లోపలికి పాకుతోందని, అక్కడ వంపు ఇవ్వాలని రాశాడు.

ఇంకో బెడద వెల్డింగు. విరిగిన షాఫ్టు తెచ్చి 'రేపటికల్లా అతికించు' అంటారు. షాఫ్టు స్టీలును ముందుగా వేడి చేయకుండా వెల్డింగు రాడ్డు కొడితే అతుకు పక్కన గట్టిపడి పెళుసవుతుంది. అతుకు బాగానే ఉంటుంది, దాని పక్కన విరుగుతుంది. నేను చేయనంటే పక్క షాపుకు పోతారు. అక్కడా టర్నర్‌కి తెలుసు, కానీ ఇంటి అద్దె కట్టాలి కదా.

యజమానులకు ఒకటే విన్నపం. సర్వీసుకు విప్పినప్పుడు ఆ మూలను శుభ్రంగా తుడిచి డై పెనెట్రెంట్ (పగుళ్లు బయటపెట్టే రంగు స్ప్రే) కొట్టించండి. ఎర్ర రంగు చల్లి, కాసేపాగి తుడిచి, తెల్లది చల్లితే పగులు ఎర్రగీతలా పైకి తేలుతుంది. స్ప్రే డబ్బాల ఖర్చు ఒక పూట క్రేన్ ఆగిన నష్టం ముందు ఎంత? ప్రమాదం జరిగితే మాత్రం గనుల భద్రతా అధికారులు చూసేదాకా విరిగిన రెండు ముక్కలూ అలాగే ఉంచండి. వాటిని మళ్లీ కలిపి ఆనించి చూడొద్దు, గీతలు అరిగిపోతాయి.

మీ విలేఖరులకు కూడా ఒక మాట. ఈసారి అలాంటి వార్త రాసేటప్పుడు పడిపోయిన క్రేన్ ఫోటోతో పాటు విరిగిన చోటును దగ్గరగా తీసిన ఫోటో ఒకటి వేయండి.

– ఒక లేత్ షాపు యజమాని, చీమకుర్తి, ప్రకాశం జిల్లా