సెన్సర్ మార్చేముందు మీటర్ పెట్టండి

సంపాదకులకు,

కారు డాష్‌బోర్డులో లైటు వెలిగినా, ఏసీ ఎర్రర్ కోడ్ చూపించినా మొదటి వేటు టెంపరేచర్ సెన్సర్ మీదే పడుతోంది. కొత్తది వేస్తారు, మళ్లీ అదే కోడ్. ఈసారి బోర్డు పోయిందంటారు. నిజానికి కోడ్ చెప్పేది ఆ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సిన హద్దుల్లో లేదని మాత్రమే. తప్పు సెన్సర్‌దా, కనెక్టర్‌దా, వైరుదా అన్నది మల్టీమీటర్ తేల్చాలి.

వీటిలో ఎక్కువ భాగం ఎన్‌టీసీ థర్మిస్టర్లు. వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. కాబట్టి వైరు తెగితే కంట్రోలర్‌కు అది విపరీతమైన చలిలా కనిపిస్తుంది, షార్ట్ అయితే విపరీతమైన వేడిలా. ఎండలో నిలబెట్టిన కారు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్, కోడ్‌లు చదివే స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు చూపిస్తోందంటే సర్క్యూట్ ఎక్కడో తెగిందని అర్థం. పీ0118 కోడ్ ఇదే చెబుతుంది. పీ0117 అయితే షార్ట్ వైపు చూడాలి.

రెండు వైర్ల కూలెంట్ సెన్సర్‌కు పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి కనెక్టర్ ఊడదీయండి. రీడింగ్ మైనస్ 40కి పడాలి. కనెక్టర్‌లోని రెండు పిన్నులను సన్నని వైరుముక్కతో కలిపితే 130 డిగ్రీలు దాటి ఎగబాకాలి. రెండూ జరిగాయంటే వైరింగూ, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూ బాగున్నట్టే, ఇక సెన్సర్‌ను అనుమానించవచ్చు. రీడింగ్ కదలకపోతే ఎన్ని సెన్సర్లు మార్చినా దండగే. కొన్ని ఈసీయూలు తప్పు పసిగట్టగానే తమ సొంత అంకె చూపిస్తాయి. అలాంటప్పుడు కనెక్టర్ ఊడదీస్తే పీ0118, పిన్నులు కలిపితే పీ0117 వస్తోందా లేదా అని కోడ్‌నే చూడాలి. ఒక జాగ్రత్త: మీటర్ ప్రోబ్‌ను పిన్నులోకి బలంగా గుచ్చకూడదు. ఆ పిన్ను వెడల్పయిపోయి, తర్వాత వదులుగా తగులుతూ, లేని జబ్బు తెచ్చిపెడుతుంది.

కోడ్ లేకుండానే తప్పుడు అంకె చెప్పే సెన్సర్‌ను పట్టుకోవాలంటే రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయకముందు స్కాన్ చేయాలి. కూలెంట్, ఇన్‌టేక్ గాలి రీడింగులు బయటి ఉష్ణోగ్రతకు నాలుగైదు డిగ్రీల తేడాలోపు ఉండాలి. ఒకటి మాత్రం దూరంగా ఉంటే దాని సంగతి చూడాలి. కూలెంట్ మట్టం తగ్గితే మంచి సెన్సర్ కూడా అబద్ధం చెబుతుంది, ఎందుకంటే దాని తల ద్రవంలో కాక గాలిలో ఉంటుంది. మట్టం ముందు చూడండి, కానీ రేడియేటర్ మూత వేడిమీద తీయకండి. ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 వస్తే, ఎక్కువసార్లు తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాటే (కూలెంట్ దారిలోని వాల్వు) కారణం.

ఫ్రిజ్, ఏసీల దగ్గరకొస్తే తెగిపోవడం కన్నా మెల్లగా దారి తప్పడమే ఎక్కువ. సెన్సర్ తల మీది పూత చిట్లి తేమ లోపలికి చేరితే రెసిస్టెన్స్ తగ్గుతుంది. బోర్డు లోపల ఇంకా వేడిగా ఉందనుకుని కంప్రెసర్‌ను ఆపదు, కింది అరలో నీళ్లు కూడా గడ్డకడతాయి. (దీన్ని చూసి గ్యాస్ ఎక్కువైందని తేల్చేవాళ్లూ ఉన్నారు.) కనెక్టర్ పచ్చగా తుప్పుపడితే దీనికి రివర్స్: రెసిస్టెన్స్ పెరిగి, చల్లగా ఉందనుకుని కంప్రెసర్‌ను ముందే ఆపేస్తుంది. ఏసీలో కాయిల్ సెన్సర్ దాని గొట్టంలోంచి జారిపోయి వేలాడుతుంటే సెన్సర్ బాగానే ఉన్నా ఏసీ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. సర్వీసింగ్ చేసిన మర్నాడే ఈ ఫిర్యాదు వస్తే ముందు అక్కడే చూడాలి.

పరీక్షకు ప్లగ్ పీకేయాలి. ఇన్వర్టర్ బోర్డుల కెపాసిటర్లలో కాసేపు ఛార్జి నిలిచి ఉంటుంది, ఆగి చేయి పెట్టండి. సెన్సర్‌ను బోర్డు నుంచి విడదీసి కొలవాలి, లేకపోతే బోర్డు రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది. ఒక గ్లాసులో నిండా దంచిన మామూలు ఐసు, అది తడిసేటన్ని నీళ్లు వేసి కలిపి, సెన్సర్ తల గోడకూ అడుగుకూ తగలకుండా అయిదు నిమిషాలు ముంచండి. అది కచ్చితంగా సున్నా డిగ్రీలు. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లుండే సెన్సర్ ఇక్కడ రకాన్ని బట్టి 27 నుంచి 34 కిలో ఓమ్‌ల మధ్య రావాలి. తర్వాత బయటకు తీసి పిడికిట్లో పట్టుకుంటే అంకె నెమ్మదిగా, గెంతకుండా దిగాలి. మెడ దగ్గర వైరును మెల్లగా వంచినప్పుడు అంకె ఎగిరిపడితే ఇన్సులేషన్ లోపల రాగి తెగింది. ప్రోబ్‌ల లోహాన్ని వేళ్లతో పట్టుకోకండి, ఒంటి రెసిస్టెన్స్ కలిసి అంకె తగ్గుతుంది.

ఓవెన్ సెన్సర్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ తరచూ ఉండేది ప్లాటినం, వేడికి రెసిస్టెన్స్ పెరుగుతుంది. పీటీ1000 రకమైతే సున్నా దగ్గర 1000 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 1385.

అసలు ఎక్కువ నష్టం చేస్తున్నది '10కే అయితే చాలు' అన్న ధోరణి. 25 డిగ్రీల దగ్గర రెండు సెన్సర్లూ 10 కిలో ఓమ్‌లే చూపించినా బీటా విలువ (ఉష్ణోగ్రతతో రెసిస్టెన్స్ ఎంత వేగంగా మారుతుందో చెప్పే అంకె) 3435 ఒకదానిదీ, 3950 ఇంకోదానిదీ అయితే చలిలో దారులు వేరు. 3435 కోసం చేసిన బోర్డుకు 3950 తగిలిస్తే ఫ్రీజర్ నిజంగా మైనస్ 18 ఉన్నప్పుడు బోర్డుకు సుమారు మైనస్ 23గా కనిపిస్తుంది. చల్లదనం చాలనుకుని కంప్రెసర్‌ను ఆపేస్తుంది, ఫ్రీజర్ ఎప్పటికీ ఉండాల్సినంత చల్లబడదు. గది వేడిలో కొలిచి సరిపోయిందనుకున్నవారికి ఈ తేడా కనపడదు. వైరు అతికినచోట జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే గొట్టం) వేయాలి. ఉత్త టేపు చుడితే కొన్నాళ్లకు తేమ దూరుతుంది.

తయారీదారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. వాడకందారులకిచ్చే పుస్తకాల్లో ఈ అంకెలు సాధారణంగా ఉండవు. ప్రతి సెన్సర్‌కూ 25 డిగ్రీల రెసిస్టెన్స్, బీటా విలువ, సున్నా డిగ్రీల రెసిస్టెన్స్, ఈ మూడూ యంత్రం లోపలి వైరింగ్ స్టిక్కర్ మీద ముద్రించాలి.

– ఒక పాఠకుడు