ముందు షాట్ చెప్పండి, రేటు తర్వాత మాట్లాడుకుందాం

మా దగ్గర షూటింగుల కోసం డమ్మీలు, జంతువుల బొమ్మలు, ప్రాపర్టీలు (సెట్లో వాడే సామాన్లు) చేయించుకునే ఆర్ట్ డైరెక్టర్లకీ, యాడ్ ఏజెన్సీల వారికీ, సీరియల్ ప్రొడక్షన్ మేనేజర్లకీ నమస్కారం. వచ్చే నెల నుంచి మన రావులపాలెం వర్క్‌షాప్‌లో పని ఒప్పుకునే పద్ధతి మారుతోంది. రేట్లు కూడా కొంత పెరుగుతున్నాయి. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబితే ఒకరికి ఒకలా చెప్పానన్న మాట వస్తుంది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మారేది ముఖ్యంగా ఒకటే. ఇకమీదట బొమ్మ పంపించి "ఇది ఎంతవుతుందండీ?" అంటే అంకె చెప్పం. షాట్ చెబితేనే చెబుతాం. కెమెరా ఎంత దూరంలో ఉంటుంది, తెర మీద ఎన్ని సెకన్లు కనిపిస్తుంది, హీరో దాన్ని ముట్టుకుంటాడా, అది తడుస్తుందా, కాలుతుందా, పగలా రాత్రా. ఇవి తెలియకుండా చెప్పే రేటు మాకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. ఎక్కువ చెబితే మీరు వెళ్ళిపోతారు, తక్కువ చెబితే మేం ఎక్కడో ఒక చోట సిలికాన్ (బొమ్మల చర్మానికి వాడే మెత్తటి రబ్బరు లాంటి సరుకు) తగ్గించి మిగుల్చుకోవాలి.

ఎందుకింత పట్టుదలో ఒక పని గురించి చెబుతాను. ఈమధ్య ఒక యాడ్ కోసం నీటిపిల్లి కావాలన్నారు. కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల్లో తిరిగే జంతువు, చేపలు పట్టుకుని తింటుంది. వాళ్ళు పంపింది ఏఐ చేసిన బొమ్మ. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ అది నీటిపిల్లి కాదు. పొడుగు తోక, ఒంటి మీద పులి చారలు, చిరుతపిల్ల ముఖం. అసలు నీటిపిల్లికి తోక పొట్టిగా, మందంగా ఉంటుంది. బూడిద రంగు ఒంటి మీద నల్ల మచ్చలు వరసలు కట్టి ఉంటాయి. వేళ్ళ మధ్య కొంచెం చర్మం ఉంటుంది, గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు. ఇవన్నీ మాట్లాడుకున్నాక అసలు షాట్ ఏమిటని అడిగాను. నీళ్ళలోకి పంజా దూసుకొచ్చి చేపను లాగుతుంది, అంతే. ఆ తర్వాత పిల్లి దూరంగా గట్టు మీద నీడలా కూర్చుని ఉంటుంది.

అంటే వాళ్ళకి కావలసింది మొత్తం పిల్లి కాదు, మోచేతి దాకా ఒక ముందు కాలు! దూరంగా కనిపించేదానికి ఫోమ్ చెక్కి పైన బొచ్చు గుడ్డ కప్పితే సరిపోతుంది. దాని ముఖంలో కనుబొమ్మలు కదలాలా, మీసాలు ఆడాలా అన్న చర్చంతా అక్కడితో అయిపోయింది. పెట్టాల్సిన డబ్బంతా ఆ ఒక్క కాలి మీద పెట్టాం. గోళ్ళు రెజిన్‌తో (పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం), వేళ్ళ మధ్య చర్మం పలచటి సిలికాన్‌తో చేశాం. మణికట్టు వంగడానికి లోపల సైకిల్ బ్రేకు తీగ వేశాం. (పెద్ద పెద్ద స్టూడియోల్లో కూడా తీగలతో నడిపే బొమ్మల్లో సూత్రం ఇదే. మా సైకిల్ షాపు ఆయన మాత్రం నేను ఇన్ని బ్రేకు తీగలు ఏం చేసుకుంటానా అని ఇప్పటికీ అనుమానంగానే చూస్తాడు.)

అయితే నీళ్ళు పెద్ద తలనొప్పి. బొచ్చు గుడ్డ తడిస్తే బరువెక్కుతుంది, జిగురు వదులుతుంది, రెండో టేకుకి ఉండలు కట్టి వేరే జంతువులా కనపడుతుంది. అందుకే ఒకేలాంటి కాళ్ళు ఒకటికి మించి చేయాలి. ఒకటి తడుస్తుంటే ఇంకొకటి డ్రయ్యర్ కింద ఉండాలి. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్‌లో వాన సీను తీస్తున్నప్పుడు పెద్ద రాక్షస బల్లికి ఇదే ఇబ్బంది వచ్చింది. దాని రబ్బరు ఫోమ్ చర్మం నీళ్ళు పీల్చుకుని బరువెక్కి, బొమ్మ మొత్తం వణకడం మొదలుపెట్టింది. షాట్ల మధ్య తువ్వాళ్ళతో ఒత్తి ఆరబెట్టుకున్నారు. అంత డబ్బున్న వాళ్ళకే తప్పలేదు. కనుక సీనులో వాన ఉంటే, కాలవ ఉంటే, కనీసం మంచు పొగ ఉన్నా సరే, ముందే చెప్పండి.

అదే సినిమా గురించి ఇంకో మాట. డైనోసార్లు మొత్తం తెర మీద ఉండేది సుమారు 15 నిమిషాలు. అందులో 9 నిమిషాల దాకా చేత్తో చేసిన బొమ్మలు, మిగిలిన 6 నిమిషాలు కంప్యూటర్ గ్రాఫిక్స్. "ఇప్పుడంతా గ్రాఫిక్సే కదా, మీ పని అయిపోయినట్టేగా" అని నన్నడిగే వాళ్ళకి చెప్పేది ఇదే. ముట్టుకునేది, దగ్గరగా ఊపిరి తీసుకునేది, నటుడి కళ్ళకి ఎదురుగా ఉండాల్సింది మేం చేస్తాం. నాలుగు కాళ్ళ మీద పరిగెత్తేది, గాల్లోకి ఎగిరేది గ్రాఫిక్స్ వాళ్ళకి ఇవ్వండి. మీ షాట్ విన్నాక ఇది మా పని కాదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పేస్తాం. గ్రాఫిక్స్‌కే వెళ్ళినా, వెలుగు ఎలా పడుతుందో చూసుకోవడానికి అదే సైజులో ఒక తలకాయ సెట్లో పెట్టుకుంటే వాళ్ళకి చాలా మేలు. అది చవకలోనే చేసిస్తాం.

పందెం కోళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. సంక్రాంతి సీను రాసుకున్న ప్రతి సినిమా వాళ్ళూ మా ప్రాంతానికే వస్తారు. జంతువుల్ని కొట్లాటకి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. సినిమాలో ఏ జంతువుని వాడాలన్నా యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి కావాలి. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి అయితే ప్రదర్శనలకి వాడకూడదని 1998లోనే నిషేధించారు, 2011లో ఎద్దు కూడా ఆ జాబితాలో చేరింది. అందువల్ల మాకు డమ్మీ కోళ్ళు చేసే పని ఏటా ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన పని కూడా ఇదే.

ఒక్క విన్నపం. "కోడి కావాలి" అనకండి, ఏ కోడో చెప్పండి. డేగ ఎర్రగా ఉంటుంది, కాకి నల్లగా ఉంటుంది, సేతువ తెల్లగా ఉంటుంది. వీటి మధ్యలో రకాలు బోలెడు. భీమవరంలో మొదటి ఆట చూసేవాడు డేగని చూపించి కాకి అంటే హాల్లోనే గోల చేస్తాడు. ఈకలు అసలైనవే వాడతాం, కోడిమాంసం కొట్ల నుంచి తెచ్చి కడిగి, పురుగు పట్టకుండా బోరాక్స్ నీళ్ళలో ముంచి ఆరబెడతాం. ఈకలు అతకడం తోక నుంచి మొదలుపెట్టి మెడ దాకా వస్తాం, అప్పుడే ఒకదాని మీద ఒకటి ఇంటి కప్పు పెంకుల్లా కూర్చుంటాయి. రెక్క ఒక్కసారి విదిలిస్తే చాలా, మెడ ఈకలు కూడా నిక్కబొడుచుకోవాలా అన్నదాని మీద ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుంది. మళ్ళీ అదే ప్రశ్న: షాట్ ఏమిటి? కాలికి కట్టే కత్తి మాత్రం ఎప్పుడూ రబ్బరుదే ఇస్తాం. ఇన్సర్ట్ షాట్‌కి, అంటే కత్తినొక్కదాన్నే దగ్గరగా చూపించేదానికి, మెరుపు కావాలంటే పదును లేని రేకుది విడిగా ఇస్తాం.

ఇక టైం. జులై నుంచి అక్టోబరు దాకా అచ్చుల్లో పోసి చేసే పనులన్నిటికీ రెండు వారాలు అదనంగా అడుగుతాం. ఇది బేరం కాదు, గాలిలో తేమ. పీఓపీ అచ్చులు ఆరవు. మేం లోపల కొబ్బరి పీచు వేసి గట్టిపరుస్తాం, కోనసీమలో దానికి కొదవ లేదు. కానీ ముసురు పట్టిన వారంలో ఆ పీచు కూడా తడి పట్టుకుని కూర్చుంటుంది. రెండు డబ్బాలు కలిపి పొంగించే ఫోమ్ గాల్లో తేమ తగిలితే బుడగలు కడుతుంది. ఎండాకాలంలో కష్టం ఇంకోలా ఉంటుంది. త్రీడీ ప్రింటింగ్‌లో మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో అద్దాలు ఎత్తేసిన కారులో పెట్టి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళారంటే కిరీటం వంగిపోయి ఉంటుంది. దయచేసి నీడలో పెట్టండి.

మీరే మట్టి బొమ్మ చేసి పంపే వారికి: గంధకం కలిసిన క్లే వాడకండి. మేం వాడే ప్లాటినం సిలికాన్ దాని మీద గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. రబ్బరు గ్లౌజులు తగిలినా అంతే. పెద్ద బొమ్మలకి మేం ఇప్పటికీ గోదావరి ఒండ్రుమట్టి జల్లెడ పట్టి వాడుతున్నాం. కొత్తపేటలో విగ్రహాల పని నేర్చుకుని వచ్చిన కుర్రాళ్ళకి అది చేతికి అలవాటు. సిలికాన్ పోసే ముందు ఆ మట్టి తడి బయటికి రాకుండా పైన పూత వేస్తారు.

రేట్లు ఎందుకు పెంచుతున్నానంటే, మంచి సిలికాన్ దిగుమతి సరుకు, డాలరు పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతోంది. రెండోది కూలి. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు అడుగుతూ సమ్మె చేసినప్పుడు రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. వాళ్ళు అడిగింది న్యాయమేనని నా అభిప్రాయం, మా వాళ్ళకి కూడా ఆ మేరకు ఇవ్వాలి కదా. ఆ రోజుల్లో రావలసిన డబ్బు రాక, మా వాళ్ళలో కొందరు వినాయక విగ్రహాల పనికి వెళ్ళారు. పండగ అయ్యాక తిరిగొచ్చారు, అది నా అదృష్టం. మళ్ళీ ఆ పరిస్థితి రాకూడదు. అందుకని సగం అడ్వాన్స్, మట్టి బొమ్మ మీరు ఓకే అన్నాక పావు, సరుకు లారీ ఎక్కే ముందు పావు. మట్టి ఓకే అయ్యాక ముక్కు మార్చమంటే దానికి విడిగా బిల్లు వేస్తాం.

అద్దె సామాను గురించి. పుర్రెలు, తెగిన చేతులు, నాగుపాములు అద్దెకి ఇవ్వడం కొనసాగుతుంది. సీరియల్ వాళ్ళకి పాము ఎప్పుడూ రేపటికే కావాలి, అది నాకు తెలుసు, అందుకే రెడీగా ఉంచుతాం. కానీ ఇకమీదట డిపాజిట్ లేకుండా బయటికి పంపం. ఈమధ్య ఒక చోటు నుంచి పడగ చిరిగిన పాము వచ్చింది, అడిగితే "పాము కదండీ, కుబుసం విడిచిందేమో" అన్నారు. జోకు బాగుంది, నేనూ నవ్వాను. కానీ సిలికాన్‌కి సిలికాన్ తప్ప ఇంకేదీ అతుక్కోదు, దాని మీద రంగు కూడా సిలికాన్‌లో కలిపే వేయాలి. ఆ పడగ మొత్తం కొత్తగా పోయాల్సి వచ్చింది.

చేయనివి కొన్ని ఉన్నాయి. కరెన్సీ నోట్లలా కనిపించేవి చేయం, చట్టం ఒప్పుకోదు. ఇంకొకరి సినిమాలోని జంతువుని "అచ్చం అలాగే" చేయమంటే చేయం. ఏఐ బొమ్మ తెస్తే మంచిదే, మీ మనసులో ఉన్నది తొందరగా అర్థమవుతుంది. కాకపోతే దానికి వీపు ఉండదు, పక్క నుంచి చూస్తే చెవి ఎక్కడుందో తెలియదు. ముందు, పక్క, వెనక మూడు వైపులా మేమే గీసి పంపుతాం, దానికి చిన్న రుసుము ఉంటుంది. పని మాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాం. అచ్చులు మా దగ్గరే ఉంటాయి, మీకే కావాలంటే వాటి ఖర్చు వేరు.

వర్క్‌షాప్ చూడ్డానికి వచ్చేవారు పిల్లల్ని తీసుకురావద్దు. ఫైబర్ పనిలో రెజిన్ గట్టిపడటానికి వాడే కోబాల్ట్, హార్డెనర్ అనే రసాయనాలు రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. వాటిని వేర్వేరు గదుల్లో పెడతాం, అయినా నా టెన్షన్ నాది.

వచ్చే సంక్రాంతికి కోళ్ళు కావాలనుకునేవారు దసరా లోపు చెప్పండి. ఒకే రంగు ఈకలు జతకూర్చడానికే చాలా టైం పడుతుంది. ఫోన్ చేసే ముందు షాట్ వివరాలు, లొకేషన్, తేదీ వాట్సాప్‌లో పెట్టండి. స్టోరీబోర్డు ఉంటే ఇంకా మంచిది, లేకపోతే కాగితం మీద పెన్నుతో గీసిన నాలుగు గీతలైనా చాలు.