స్వాతి పార్శ్వపు నొప్పి గురించి తమ్ముడికి

లీడ్స్

చిరంజీవి రమేష్‌కి అక్క ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

స్వాతి డిశ్చార్జి కాగితాలు, ఎంఆర్‌ఐ రిపోర్టు వాట్సాప్‌లో చూశాను. అమ్మేమో ఫోన్లో "ఒట్టి తలనొప్పేనట, పక్షవాతం కాదట, గండం గడిచింది" అంటోంది. నువ్వేమో స్వాతిని మంచం దిగనివ్వడం లేదట. రెండూ సరి కాదు. డాక్టర్ రాసిన హెమిప్లీజిక్ మైగ్రేన్ అంటే ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయేలా చేసే పార్శ్వపు నొప్పి. అరుదైనది. రక్తనాళం మూసుకుపోలేదు, పోయిన బలం తిరిగొస్తుంది. అలాగని వచ్చిన ప్రతిసారీ "ఆ, మైగ్రేనేలే" అని మనం ఇంట్లోనే తేల్చేయకూడదు. ఎటాక్ వచ్చినప్పుడు స్వాతికి మాట రాదు, డాక్టర్లకి చెప్పాల్సింది నువ్వే. నేను పక్షవాతం రోగులుండే స్ట్రోక్ వార్డులో రోజూ చేసే పనే కాబట్టి, ఫోన్లో హడావుడిగా చెప్పేకంటే కాగితం మీద పెడుతున్నాను.

మెదడు పైపొరలో ఒక అలజడి మొదలై నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతుంది. అది దాటిన చోట నరకణాలు కాసేపు రెచ్చిపోయి, ఆ తర్వాత మూగబోతాయి. అందుకే లక్షణాలన్నీ ఒక్కసారి మీద పడవు, నేల మీద ఒలికిన నీళ్ళలా మెల్లగా పాకుతాయి. చాలామందికి ముందు కళ్ళ దగ్గర మొదలవుతుంది. చూపులో ఒక పక్క మెరిసే వంకర టింకర గీత కనిపించి, పెద్దదవుతూ పక్కకి జరుగుతుంది, దాని వెనకాల కాసేపు ఏమీ కనపడదు. తర్వాత తిమ్మిరి. వేళ్ళ కొసల్లో మొదలై అరచెయ్యి, మోచెయ్యి ఎక్కి, అక్కణ్ణుంచి మూతి మూలకీ, నాలుకలో ఒక సగానికీ వెళ్తుంది. ఆ తర్వాత మాట తడబడటం, చెయ్యీ కాలూ బరువెక్కడం. ఒక్కో లక్షణం 5 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. బలహీనత మాత్రం గంటలకొద్దీ, ఒక్కోసారి మూడు రోజుల దాకా, ఎప్పుడో అరుదుగా వారాల తరబడి కూడా ఉండొచ్చు. తలనొప్పి ముందే రావచ్చు, వెనక రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు.

స్ట్రోకు సాధారణంగా ఉన్నట్టుండి వస్తుంది. మెరుపులు, తిమ్మిర్లు అంతగా ఉండవు. చూపు పోవడం, స్పర్శ పోవడం, బలం పోవడం, అన్నీ ఒకేసారి. అయితే ఈ తేడాని నమ్ముకుని ఇంట్లో కూర్చోకు. కొన్ని స్ట్రోకులు కూడా మెట్లు మెట్లుగా ముదురుతాయి. సీటీ స్కాన్ నార్మల్ అన్నా నిశ్చింత లేదు. మొదటి గంటల్లో సీటీ తీసేది ముఖ్యంగా మెదడులో రక్తస్రావం ఉందో లేదో చూడటానికి. నాళం మూసుకుపోయి వచ్చిన స్ట్రోకు అందులో అప్పటికి కనపడకపోవచ్చు. డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్‌ఐలో అయితే చాలావరకు తెలుస్తుంది. "సీటీ బాగుంది, తీసుకెళ్ళండి" అంటే, ఎంఆర్‌ఐ అక్కర్లేదా అని ఒక్క మాట అడుగు.

మొదలైన నిమిషంలో చెయ్యాల్సింది గడియారం చూడటం. చివరిసారిగా ఆమె మామూలుగా ఉన్న టైము రాసుకో. నాళంలో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఆ లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది. పొద్దున లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, లేచిన టైము చెప్పకు. రాత్రి ఎప్పటిదాకా బాగుందో అది చెప్పు. నవ్వమను, మూతి వంకరపోతోందేమో చూడు. రెండు చేతులూ ముందుకు చాచి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచమను, ఒకటి కిందికి జారుతోందా? ఒక వాక్యం తిరిగి చెప్పమను. ఇదంతా ఫోన్లో వీడియో తియ్యి. న్యూరాలజిస్టుకి నీ వర్ణన కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. నాన్న గ్లూకోమీటర్‌తో షుగర్ చూడు. షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. 70 కన్నా తక్కువుంటే 108 వాళ్ళకి ముందు ఆ మాటే చెప్పు.

మాట తడబడుతుంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు. నీళ్ళు, కాఫీ, నిమ్మరసం, మాత్ర, ఏదీ వద్దు. మింగే కండరాలు కూడా బలహీనపడి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి వస్తుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ ఇవ్వకు, రక్తస్రావం లేదని సీటీలో తేలాకే అది. బీపీ ఎక్కువ కనపడిందని నాన్న మాత్ర స్వాతి నాలుక కింద పెట్టకు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి అందే రక్తం ఇంకా తగ్గుతుంది.

ఏ ఆసుపత్రికో ఇప్పుడే తేల్చి పెట్టుకో. రాత్రి రెండింటికి కూడా సీటీ తీస్తారా, గడ్డ కరిగించే మందు ఉంటుందా, న్యూరాలజిస్టు వస్తారా అని స్వయంగా వెళ్ళి అడుగు. మూలమీది క్లినిక్‌లో సెలైన్ పెట్టించుకుని కూర్చుంటే విలువైన టైమంతా అక్కడే పోతుంది. సాయంత్రం ఉప్పల్ రింగురోడ్డు సంగతి నీకు నేను చెప్పాలా? కారు తీయకుండా 108 చెయ్యి.

ఇక ఏది "మామూలు ఎటాక్", ఏది కాదు అన్నది ఆమె న్యూరాలజిస్టుతో కూర్చుని కాగితం మీద రాయించుకో. ఆ కాగితంలో లేనిదేదైనా స్ట్రోకు కిందే లెక్క. పాకకుండా ఒక్కసారిగా వచ్చినా, ఇదివరకు రాని లక్షణం కనిపించినా, ఎప్పటికంటే ఎక్కువసేపు ఉన్నా, తల పగిలిపోయేంత నొప్పి క్షణాల్లో వచ్చినా ఆలోచించకు. జ్వరం, మెడ బిగుసుకోవడం, ఫిట్స్, పిలిస్తే పలకనంత మగత, తలకి దెబ్బ తగిలాక రావడం కూడా అంతే.

మందుల చీటీ చూశాను. నొప్పికి నాప్రోక్సెన్, వాంతులకి డోమ్‌పెరిడోన్ కలిపిన మాత్ర రాశారు. మాట, మింగడం సరిగ్గా ఉంటేనే, మొదట్లోనే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. ఆలస్యమైతే కడుపు కదలిక మందగించి మందు సరిగా ఒంటబట్టదు. నెలలో 15 రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు పడ్డాయంటే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయి, రెండు మూడు రకాల నొప్పి మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులకే.

మెడికల్ షాపులో "మైగ్రేన్ మాత్ర ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు. చాలాచోట్ల చేతిలో పెట్టేది వాసోగ్రెయిన్. అందులో ఎర్గోటమైన్ ఉంటుంది, అది రక్తనాళాల్ని కుదిస్తుంది. ఈ రకం మైగ్రేన్‌కి అది, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు వాడకూడదని మందు కాగితాల్లోనే ఉంటుంది. ఈ రెండు పేర్లూ ఫైలు మీద ఎర్ర సిరాతో రాయి.

రాత్రిపూట వేసుకునే ఫ్లునరిజిన్ నొప్పి తగ్గించేది కాదు, రాకుండా ఆపేది. పని చేస్తోందా లేదా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారానికే "గుణం లేదు" అని మానేయనివ్వకు. నిద్రమత్తు, ఆకలి పెరిగి లావెక్కడం మామూలే. మనసు దిగాలుపడితే, నడక మందగిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. రేపెప్పుడైనా టోపిరమేట్‌కి మారిస్తే, ఆ మందుకే వేళ్ళలో తిమ్మిర్లొస్తాయి. అవి ఎక్కువగా రెండు చేతుల్లో, కాళ్ళలో ఉంటాయి, పాకవు. ఎటాక్ అనుకుని కంగారుపడకండి.

ఇది స్వాతికి విడిగా చెప్పు: ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఆమెకి పనికిరావు. ఈ రకం మైగ్రేన్‌కి అవి తోడైతే అసలు స్ట్రోకే వచ్చే ముప్పు పెరుగుతుంది. వ్రతానికో పెళ్ళికో నెలసరి వాయిదా వేసే మాత్రలు కూడా న్యూరాలజిస్టుని అడగకుండా వద్దు.

శనివారం ఒక్కపొద్దు మానిపించు. అమ్మ ఊరుకోకపోతే నా పేరు చెప్పు. వేళకి తినకపోవడం, నిద్ర చెడటం, మే నెల ఎండలో నీళ్ళు తాగకుండా తిరగడం, ఇవి చాలామందిలో ఎటాక్ తెచ్చేవే. బాత్‌రూము గడియ లోపల వేసుకోవద్దు. కళ్ళ ముందు గీత మెరిసిందంటే స్టవ్ ఆపేసి కూర్చోవాలి, స్కూటీ మీదుంటే పక్కకి ఆపేయాలి. నూనె మర్దనాలు, పసరు మందులంటూ చుట్టుపక్కల వాళ్ళు చెబుతూనే ఉంటారు. దానంతటదే తగ్గే జబ్బు కదా, ఎవరేం చేసినా వాళ్ళ వల్లే తగ్గిందన్న పేరొస్తుంది.

స్వాతి వాళ్ళమ్మగారిని ఒకసారి నెమ్మదిగా అడుగు, వాళ్ళ వైపు ఎవరికైనా చిన్న వయసులో "పక్షవాతం వచ్చి పోయింది" అన్నారేమో. కొన్ని కుటుంబాల్లో ఇది జన్యువుల్లో దిగుతుంది, అలాంటప్పుడు ఒక్కో బిడ్డకీ సగం సగం అవకాశం. కొందరు పిల్లల్లో తలకి చిన్న దెబ్బ తగిలినా మొదలవుతుంది. కాబట్టి మేనకోడలు ఆటలో పడి, చెయ్యి తిమ్మిరెక్కిందనో మాట తడబడుతోందనో అంటే నాటకమని కసరొద్దు, డాక్టర్‌కి చూపించు.

డాక్టర్‌తో రాయించిన కాగితం రెండు కాపీలు తీసి, ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి స్వాతి హ్యాండ్‌బ్యాగులో పెట్టు. నాకు ఫోటో పంపు. అమ్మానాన్నలకి నమస్కారాలు, పిల్లకి ముద్దులు.

మీ అక్క