కార్డ్‌లెస్ ఫోను మాటలకు గోడలు అడ్డు కావు

సంపాదకుడు గారికి,

ఫోన్ ట్యాపింగ్ మీద పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. అధికారంలో ఉన్నవారు ఎవరి మాటలు విన్నారన్న చర్చ జరగవలసిందే. కానీ మన ఇళ్లలో టీవీ పక్కన ఉండే కార్డ్‌లెస్ ఫోను సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. టెలిఫోన్ శాఖలో లైన్ల మరమ్మతు చూసి పదవీ విరమణ చేసినవాడిగా ఈ నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

తీగ ఫోను మాటలు దొంగతనంగా వినాలంటే ఎవరో ఒకరు స్తంభం దగ్గరకో, వీధిలో ఇళ్ల లైన్లు విడిపోయే డీపీ పెట్టె దగ్గరకో వచ్చి తీగ కలపాలి. ఆ పనికి జాడ మిగులుతుంది, లైన్‌మన్ కంట పడుతుంది. కార్డ్‌లెస్‌లో ఆ అవసరమే లేదు. చేతిలోని హ్యాండ్‌సెట్టూ గోడ దగ్గర లైనుకు తగిలించిన బేసు పెట్టే రేడియో తరంగాలతో మాట్లాడుకుంటాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే డెక్ట్ అనే డిజిటల్ రకం కార్డ్‌లెస్ ఫోన్లు ఇంటి లోపల సుమారు 50 మీటర్లు, ఆరుబయట 300 మీటర్ల వరకు అందుతాయి. విజయవాడ పటమటలో గోడకు గోడ ఆనుకుని ఉన్న అపార్టుమెంట్లను, గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లను ఒకసారి తలచుకోండి. ఆ దూరంలో ఎన్ని కుటుంబాలు ఉంటాయి! గాలిలో వచ్చిన మాటను ఎవరు అందుకున్నారో ఎక్కడా నమోదు కాదు.

పొడవాటి ఏరియల్ ఉన్న పాత అనలాగ్ సెట్లలో మాట ఏ మరుగూ లేకుండా బయటికి పోతుంది. ఆ పౌనఃపున్యాన్ని పట్టే రేడియో స్కానర్ ఒకటి ఉంటే చాలు. వీటికి సెక్యూరిటీ కోడ్ ఉందని కొందరు ధైర్యం చెబుతారు. పొరుగింటి హ్యాండ్‌సెట్ మన లైను మీద కాల్ చేయకుండా ఆపడానికి పెట్టిన కోడ్ అది. వినేవాడిని అది ఆపదు.

డిజిటల్ సెట్టు కొన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము. 2008 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన ఒక కంప్యూటర్ భద్రతా సదస్సులో పరిశోధకులు ల్యాప్‌టాప్‌లో పెట్టే చిన్న కార్డుతో డెక్ట్ ఫోన్ల సంభాషణలను రికార్డు చేయవచ్చని నిరూపించారు. ఆ కార్డు ఖరీదు 23 యూరోలు. ఎన్నో సెట్లలో గుప్తీకరణ, అంటే మాటను ఇతరులకు అర్థం కాని సంకేతాలుగా మార్చే పద్ధతి, అసలు వాడనే లేదు. వాడిన చోట కూడా, తాను మాట్లాడుతున్నది అసలు బేసుతోనా కాదా అని హ్యాండ్‌సెట్ సరిచూసుకోనందువల్ల దొంగ బేసుతో దాన్ని మోసగించే వీలుందని తేలింది. ఆ తర్వాత ఏఈఎస్ అనే మరింత బలమైన 128 బిట్ల గుప్తీకరణను డెక్ట్ ప్రమాణాల్లో చేర్చారు. అది మనం కొనే సెట్టులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్ని దుకాణాల్లో పెట్టెలు తిప్పి చూశాను. ఎన్ని నంబర్లు గుర్తుపెట్టుకుంటుందో, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో అచ్చు వేశారు. మాటకు రక్షణ ఉందో లేదో ఒక్క దాని మీదా కనబడలేదు.

పిల్లలు అమెరికాలో, పెద్దలు ఇక్కడ ఉన్న ఇళ్లు మన విజయవాడ, గుంటూరు నగరాల్లో చాలా ఉన్నాయి. ఫోను మోగగానే హడావుడిగా లేచి జారిపడకుండా పెద్దవాళ్లకు కార్డ్‌లెస్ ఎంతో ఆసరా. దాన్ని మానేయమని నేను అనను. బ్యాంకు వివరాలు చెప్పేటప్పుడు మాత్రం తీగ ఫోను వాడండి. చాలా సెట్లలో కంపెనీ ఇచ్చిన పిన్ 0000 ఉంటుంది, కొన్న రోజే మార్చండి. పిల్లలు అక్కడి నుంచి తెచ్చే డెక్ట్ 6.0 సెట్లతో మరో చిక్కు ఉంది. అవి 1920–1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన దేశంలో అది 3జీ మొబైల్ సేవలకు ఇచ్చిన భాగం కాబట్టి దగ్గరలోని టవర్‌కు అంతరాయం కలుగుతుంది. ప్రేమతో తెచ్చినదే అయినా ఇక్కడ వాడకూడదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆసుపత్రుల సంగతి. విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ఏ నర్సింగ్ హోముకు వెళ్లినా రోగి పేరు, వయసు, పరీక్ష ఫలితం, గర్భం నిలిచిందా లేదా అన్నదీ ఫోనులోనే చెబుతారు. రిసెప్షన్‌లో ఉన్నది కార్డ్‌లెస్ అయితే ఆ రోగి రహస్యం వీధిలోకి వెళ్లినట్టే. రోగికి ఆ సంగతి తెలియదు, వద్దని చెప్పే అవకాశమూ లేదు.

టెలిఫోన్ సంభాషణ వ్యక్తిగత గోప్యతలో భాగమని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. అక్రమంగా సందేశాలను అడ్డగించి వింటే మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం చెబుతోంది. దొంగ దొరికితే కదా శిక్ష! జాడ మిగలని నేరాన్ని పరికరం దగ్గరే ఆపాలి. అందుకే గుప్తీకరణ లేని కార్డ్‌లెస్ సెట్ల అమ్మకాన్ని కేంద్ర టెలికాం శాఖ నిలిపివేయాలి. రక్షణ ఉన్న సెట్ల పెట్టెల మీద ఆ విషయం తెలుగులో కూడా అచ్చు వేయించాలి. ఇక మన వైద్యులు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర లేదు. రిసెప్షన్ బల్ల మీదికి తీగ ఫోను రేపే తెప్పించవచ్చు.

– విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ